సముద్రం వినపడలేదు!

తెల్లవారుజామున నాలుగున్నరకు హైదరాబాద్‌లో బండి తీస్తే విశాఖ చేరేసరికి చీకటి పడింది. 620 కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో టీలు, టిఫిన్లు పోను బండి మీద గడిపింది 11 గంటలు. బ్యాగు అక్కావాళ్లింట్లో పడేసి నేరుగా రామకృష్ణా బీచ్‌కి వెళ్లా. దారిపొడవునా ఆ అలల హోరు కోసమే ఎదురుచూశాను మరి. తీరా పిట్టగోడ మీద కూర్చుంటే... అలలు కనిపిస్తున్నాయి, చప్పుడే లేదు! చెవుల్లో మాత్రం ఆగకుండా 'సుయ్‌'మని మోత. మురీ మిక్స్చర్ బండతను ధర రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఇంటికెళ్తే అక్క గొడవ. "ఏరా, ఎన్నిసార్లు పిలిచినా పలకవేంటి? కోపమొచ్చిందా?"

పొద్దున్నకల్లా తగ్గిపోయింది. నేనూ మర్చిపోయా. ఆ తర్వాత చేసిన రెండో దూర ప్రయాణంలో మోత రెండురోజులు వదల్లేదు. అప్పుడు చెవి డాక్టరు దగ్గరకు పరిగెత్తా. ఆయన అడిగిన మొదటి ప్రశ్న- "ఫ్యాక్టరీలో పనిచేస్తారా?"

కాదన్నాక ఓ కాగితం తీసి లెక్క వేసి చూపించారు. 85 డెసిబెల్స్ చప్పుడును రోజుకు 8 గంటలు భరించొచ్చట. ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒక్క గంటే. హైవే మీద మామూలు వేగానికే హెల్మెట్ లోపల మోత 90 చుట్టూ తిరుగుతుంది. వంద కిలోమీటర్లు దాటితే చెప్పనే అక్కర్లేదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు. "ప్రతిసారీ రాత్రికి రాత్రే తగ్గిపోతుందనుకోకండి" అన్నారాయన. ఇంటికొచ్చేదాకా నోట మాట లేదు నాకు.

అప్పటిదాకా అదంతా ఇంజిన్ చప్పుడే అనుకున్నా. సైలెన్సర్ మార్పిద్దామని మెకానిక్ చుట్టూ కూడా తిరిగా. కానీ సుమారు 65 కిలోమీటర్ల వేగం దాటాక ఇంజిన్‌ని గాలే మింగేస్తుంది. అంటే మార్చాల్సింది సైలెన్సర్ని కాదు, నెత్తిమీదున్నదాన్ని!

కోఠీ పక్కన పుత్లీబౌలికి వెళ్లి, చప్పుడు తక్కువ వచ్చే హెల్మెట్ కావాలన్నా. దుకాణం అబ్బాయి ఎగాదిగా చూశాడు. "సౌండ్ గురించి ఎవరడుగుతరు సార్? అందరు కలర్ అడుగుతరు" అన్నాడు. నిజమే, అక్కడ నేను తిరగేసిన ఏ పెట్టె మీదా లోపల ఎంత మోత వస్తుందో రాసిలేదు. ఐఎస్ఐ గుర్తు చూసుకున్నాక మిగతాదంతా మన తలతోనే తేల్చుకోవాలి.

కనుబొమలకు కాస్త పైన టేపుతో చుట్టుకొలత తీసుకున్నా. 58 సెంటీమీటర్లు. ఇన్నేళ్లూ నేను వాడింది 60 సైజుది! 'వదులుగా ఉంటే హాయిగా ఉంటుంది కదా' అనుకున్నా. ఆ వదులులోంచే గాలి దూరేది. సరైన హెల్మెట్ పెట్టుకుంటే బుగ్గలు కాస్త నొక్కుకుంటాయి. పట్టుకుని అటూఇటూ తిప్పితే బుగ్గల చర్మం కూడా దాంతోపాటే కదలాలి. నుదుటి మీద ఒకేచోట పోటు పెడితే మాత్రం ఆ ఆకారం మన తలకు పడదన్నమాట. పెట్టుకుని పావుగంట అలాగే కూర్చున్నా. అవతల టీ చల్లారిపోతోంది, దుకాణం అబ్బాయికి నవ్వాగట్లేదు.

ముందు టోపీ అంచులా పొడుచుకొచ్చిన పీక్ ఉన్నవి చూడ్డానికి బాగుంటాయి. హైవే మీద మాత్రం గాలికి అదో వాయిద్యం. పక్కన పెట్టేశా. అద్దం కింద కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూశా. సులువుగా జారిపోతే అక్కడ రబ్బరు సరిగా ఆనట్లేదని అర్థం. గాలి రంధ్రాలు అస్సలు లేనిది తీసుకుందామా అనిపించింది కానీ, మే నెలలో ఏలూరు దాటేసరికి లోపల తల ఉడికిపోతుంది! మన ఎండలకు రంధ్రాలుండాలి. మూస్తే గట్టిగా మూసుకోవాలి, అంతే.

అసలు దొంగ ఉండేది కిందనట. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గాలి సొరంగంలో బొమ్మ తలకు హెల్మెట్ పెట్టి చూస్తే, గడ్డం కిందిభాగం దగ్గర మోత ఎక్కువగా పుడుతోందని తేలింది. అందుకే గడ్డం కింద గుడ్డ తెర ఉన్నది ఎంచుకున్నా. మెడకు పల్చటి నూలు రుమాలు చుట్టడం కూడా అలవాటు చేసుకున్నా.

ఇంత చేసినా మొదటి ఆదివారం సాగర్ రోడ్డెక్కితే ఆశించినంత తగ్గలేదు. ఉసూరుమనిపించింది. ఖాళీ రోడ్డు చూసుకుని ఫుట్‌రెస్టుల మీద కాస్త పైకి లేచా. ఒక్కసారిగా మోత సగమైపోయింది! కూర్చుంటే మళ్లీ మొదలు. బండికి నేను మోజుపడి బిగించుకున్న విండ్‌షీల్డ్ అంచు మీంచి సుడి తిరిగిన గాలి సరిగ్గా హెల్మెట్‌నే కొడుతోందన్నమాట. దాన్నిప్పేసి పొట్టిది వేయించా.

ఆఖర్న డాక్టరు చెప్పిన ఫోమ్ బిరడాలు. వాటి ధర హెల్మెట్ ధరలో లెక్కలోకే రాదు. హారన్లు వినపడవేమోనని చాన్నాళ్లు భయపడ్డా. నిజానికి గాలిహోరు తగ్గేసరికి వెనక లారీ హారన్ ఇంకా విడిగా తెలుస్తోంది. సన్నగా నలిపి, రెండోచేత్తో తలమీంచి చెవిని పైకిలాగి పట్టుకుని లోపలికి తోసి, ఉబ్బేదాకా వేలితో ఆపాలి. పాటల ఇయర్‌ఫోన్ల సంగతి వేరు, వాటి జోలికి పోవద్దు.

మొన్న చలికాలంలో మళ్లీ విశాఖ బయల్దేరా. ఈసారి కావాలనే దేవరపల్లి మీదుగా కొవ్వూరు వైపు తిరిగా. 1974 నాటి రోడ్డు-రైలు వంతెన మీద మెల్లగా వెళ్తుంటే, కింద రైలు వెళ్తున్న దడదడ బిరడాల్లోంచి కూడా తెలిసింది. ఇన్నిసార్లు గోదావరి దాటా, ఆ చప్పుడు ఎప్పుడైనా విన్నానా అని గుర్తుచేసుకుంటే ఒక్కసారీ గుర్తురాలేదు.

సాయంత్రం అదే పిట్టగోడ. బిరడాలు తీసి జేబులో వేసుకున్నా. అల వచ్చి విరగడం, వెనక్కి వెళ్తూ ఇసుకను గీరడం... రెండూ వేర్వేరుగా వినిపించాయి. ఇంతలో అక్క ఫోను. "వచ్చేటప్పుడు కొత్తిమీర పట్రా, మర్చిపోకు" అంది. వినపడలేదని తప్పించుకునే వీల్లేకపోయింది.