వైమారు దర్శనము

పదునెనిమిది సంవత్సరములుగా మేము బడిలో సంస్కృతమును, ఇంగ్లీషును చెప్పుచున్నాము. శాకుంతల పాఠము మొదలిడు దినమున పిల్లలకొక మాట చెప్పుట మాకు వాడుక. “సర్ విలియం జోన్సు 1789లో ఈ నాటకమును ఇంగ్లీషు చేసెను. దానినిబట్టి జార్జి ఫోర్‌స్టరు 1791లో జర్మను భాషలోనికి తెచ్చెను. అది చదివి గేటే మహాకవి పరవశుడై నాలుగు పాదములలో దానిని కీర్తించెను” అనుచుందుము. అపుడు మా యెద కొంచెము పొంగును. పిల్లల మొగములు వికసించును. మన యింటి సొమ్మును దూరపువాడు మెచ్చుకొన్నపుడు కలుగు సంతోషమది. ఆ దూరపువాని యిల్లు చూడవలెనని మాకు చిరకాలపు కోరిక.

గడచిన వేసవిలో ఆ కోరిక నెరవేరినది. మా అక్కగారి కుమారుడు యేనా విశ్వవిద్యాలయమున చదువుచున్నాడు. “మామయ్యా! అత్తయ్యను వెంటబెట్టుకొని రండి” అని వాడు పిలువగా, కూడబెట్టిన సొమ్ము తీసి ఇల్లాలితో కూడ బయలుదేరితిమి. యేనానుండి వైమారునకు రైలులో ఇరువది నిమిషముల ప్రయాణము.

వైమారు పెద్ద నగరము కాదు. జనసంఖ్య అరువదియైదు వేలు. మన జిల్లాలలో ఈపాటి ఊళ్లకు కొదువ లేదు. అయినను ఒక చిన్న సంస్థానపు రాజధానికి ఇంతటి కీర్తి యెట్లు వచ్చినదని విచారించితిమేని, దాని మొదట ఒక స్త్రీ కనబడుచున్నది. అన్నా అమాలియా రాణి 1758లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, భర్తను కోల్పోయెను. చంకలో నొక బిడ్డ, కడుపులో నొక బిడ్డ. ఆమె మూల గూర్చుండలేదు. కుమారునికి యుక్తవయస్సు వచ్చువరకు, అనగా 1775 వరకు, తానే రాజ్యము నడపెను. కుమారునికి గురువుగా వీలండు కవిని రప్పించెను. ఆ కుమారుడే గేటేను పిలిపించెను. తరువాత హెర్డరు వచ్చెను. పిదప షిల్లరు వచ్చి స్థిరపడెను. మన యిండ్లలో ఆ వయస్సున వైధవ్యము పొందిన బాలికల గతి యెట్లుండెడిదో చదువరులకు మేము చెప్పనక్కరలేదు.

ఆ రాణి పేరుగల గ్రంథాలయమును మొదట చూచితిమి. తెలుపు, బంగారు వన్నెలతో మెరయు అండాకారపు మందిరము, చుట్టును పుస్తకములు. 2004 సెప్టెంబరు 2వ తేది రాత్రి దీని పై అంతస్తు అంటుకొనెను. ఏబది వేల సంపుటములు బూడిదయ్యెను. అంతకు మించినవి నీటను పొగను పాడయ్యెను. ఊరివారు వరుసగా నిలువబడి, చేతినుండి చేతికి అందించుకొనుచు, వేలకొలది పుస్తకములను బయటికి చేర్చిరట. 2007లో మందిరము మరల తెరువబడెను. తాళపత్రములను చెదలకు వదలిన వంశములు మన దేశమున కలవు. కావున అక్కడ మేము సిగ్గుపడి, ఆ ఊరివారికి మనస్సులోనే నమస్కరించితిమి.

పిమ్మట గేటే గృహము. గడపవద్ద నేలపై “స్వాగత” మను అర్థముగల లాటిను మాట యొకటి వ్రాసియున్నది. ముందరి గదులు విగ్రహములతోను, చిత్రములతోను, ఆయన ప్రోగుచేసిన రాళ్లతోను నిండియున్నవి. వెనుకనున్న వ్రాతగది మాత్రము మిక్కిలి సాదా. నడుమ నొక బల్ల, గోడల ప్రక్క మరికొన్ని బల్లలు. దాని నంటియున్న చిన్న పడకగదిలో ఒక చేతుల కుర్చీ. 1832 మార్చి 22న ఆయన ప్రాణము పోయినది ఆ కుర్చీలోనే. మేము చాలసేపు కదలలేకపోయితిమి. మా పాఠములోని పేరు మనిషియై యెదుట నిలిచినట్లుండెను.

జాతీయ నాటకశాల ముందర గేటే షిల్లరుల జంట విగ్రహము కలదు. రీట్‌షెల్ శిల్పి చేసినది, 1857లో నిలుపబడినది. ఆ నాటకశాలలోనే 1919లో జర్మను జాతీయసభ కూడి ప్రజాస్వామ్య రాజ్యాంగమును ఆమోదించెను. ఆ యేటనే అక్కడి స్త్రీలు మొదటిసారి వోటు వేసిరి. 1919 ఫిబ్రవరి 19న మరీ యుఖాజ్ అను నామె ఆ సభలో లేచి మాటలాడెను. జర్మను శాసనసభలో స్త్రీ కంఠము వినబడుట అదియే ప్రథమము. మా యిల్లాలు ఆ మాట విని విగ్రహము వంక జూచి, “ఈ మగవారిద్దరి ప్రక్కన ఆమె కూడ ఉండవలసినది” అనెను.

మధ్యాహ్నము మేనల్లుడు, “మామయ్యా, ఇంకొక్క చోటు ఉన్నది. అత్తయ్యకు కష్టముగా ఉండునేమో” అని సందేహించెను. “వచ్చినది అందమైనవి మాత్రమే చూచుటకా?” అని ఆమెయే ముందు నడచెను.

ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరమున ఎట్టర్స్‌బెర్గు కొండ కలదు. దానిపై 1937లో నాజీలు బూఖెన్‌వాల్డు నిర్బంధ శిబిరమును కట్టిరి. 1945 ఏప్రిల్ 11న విముక్తి కలుగువరకు రెండు లక్షల డెబ్బదియేడు వేలకు పైబడిన మనుష్యులు అక్కడ చెరపడిరి. వారిలో ఏబదియారు వేలమంది చనిపోయిరి. ద్వారముపైని గడియారము మూడుంబాతికవద్ద నిలిపియుంచబడినది. అది విముక్తి ఘడియ. ఇనుప తలుపుమీద “ఎవరిది వారికి” అని వ్రాసియున్నది. వెలుపలనుండి వచ్చువారు చదువుటకు గాదు. లోపలి బందీలు నిత్యము చూచుటకు. అది ప్రాచీన రోమను న్యాయసూత్రము. చదువుకొన్నవారి మాట.

లోపల ఒక చెట్టు మొదలు కలదు. శిబిరము కట్టునపుడు అడవి నరికియు ఆ సిందూర వృక్షమును మాత్రము నరుకలేదు. బందీలు దానిని గేటే వృక్షమని పిలిచిరి. 1944 ఆగస్టులో బాంబులు పడినపుడు అది కాలిపోయెను. మేనల్లుడు మరియొక సంగతి చెప్పెను. యుద్ధకాలమున షిల్లరు గృహములోని సామానులకు హాని కలుగునని, అసలువాటిని దాచి, వాని స్థానమున ఉంచుటకు నకళ్లను ఈ శిబిరములోని బందీలచేతనే చేయించిరట. కవి వ్రాసికొన్న బల్లను కాపాడవలెనన్న జ్ఞానము వారికుండెను. ఆ బల్లను చేసిన వడ్రంగిని కాపాడవలెనన్న జ్ఞానము లేకపోయెను.

ఆ మైదానములో నేలకు సమముగా ఒక లోహఫలకము కలదు. 1995లో ఉంచినది. దానిని ఎల్లపుడు ముప్పదియేడు డిగ్రీల వేడిమిలో, అనగా మనిషి మేని వెచ్చదనములో, ఉంచుదురు. మా యిల్లాలు వంగి అరచేయి ఆనించి, చాలసేపటికి గాని తీయలేదు. తిరిగి వచ్చునపుడు, “ఏమండీ, ఈ కొండ క్రింది ఊరివారందరు ఆ కవులను చదివినవారే గదా?” అని యడిగెను. మేము ప్రత్యుత్తర మీయలేకపోయితిమి.

మాకు ఆ తలుపుమీది మాట మరియొక చోటికి దారి చూపినది. మేము క్రొత్తగా పనిలో చేరిన గ్రామములో మధ్యాహ్న భోజనమునకు ఒక పేటపిల్లలు వేరు వరుసగా కూర్చుండెడివారు. ఇదేమని యడుగగా ఒక పెద్ద, “ఎవరి వరుస వారిది మాష్టారూ, మీరు పాఠము చెప్పుకొనుడు” అనెను. మేము పాఠము చెప్పుకొంటిమి. రెండేండ్లు ఆ వరుసలు చూచుచునే శాకుంతలము చెప్పితిమి. ఆ కొండమీది ఘోరమునకును, మా బడి వరుసకును పోలిక తెచ్చుట న్యాయము గాదు. కాని మెచ్చిన కావ్యము ఒక చేతను, ఎరిగిన అన్యాయము ఒక చేతను పట్టుకొని, రెంటిని కలియనీయక బ్రదుకవచ్చునని మేమును నిరూపించితిమి గదా!

అంతటితో ఆగలేదు మా విచారము. శాకుంతలమున ఆరవ అంకము మొదట జాలరి ప్రవేశించును. చేప కడుపున దొరకిన ఉంగరము అతడు తెచ్చినదే. భటులు అతనిని కట్టి కొట్టుదురు. అతని పుట్టుకను, వృత్తిని ఎగతాళి చేయుదురు. అతడు లేకున్న రాజునకు జ్ఞాపకము రాదు, కథ నడువదు. ఈ ఘట్టమును మేము ప్రతి యేడును, “ఇది హాస్యము, మీరే చదువుకొనుడు” అని దాటవేసితిమి. కాళిదాసు దాటవేయలేదు. దోషము కావ్యమున లేదు; చెప్పినవాని యందున్నది. గేటే యందును లేదు. ఆయనను బల్లగా, కుర్చీగా భద్రపరచి తృప్తిపడినవారి యందున్నది.

ఒక్క మాట చెప్పి ముగింతుము. ఆ కొండమీద మేమున్నపుడు బడిపిల్లల గుంపొకటి వచ్చెను. ఉపాధ్యాయురాలు తలుపువద్ద నిలిచి ఆ అక్షరములను చూపి నెమ్మదిగా చెప్పుచుండెను. గేటే గృహమును చూపు చేతితోనే ఈ తలుపును కూడ తన పిల్లలకు చూపు జాతికి మేము నమస్కరింతుము. బడులు తెరచిన దినమున మేము శాకుంతలమును జాలరి ఘట్టముతో మొదలిడితిమి. గేటే మాట చివర చెప్పితిమి.