చిక్కడపల్లి నుండి భీమునిపట్టణము దాక

తెల్లవారుజామున చిక్కడపల్లి వీధులు చూడదగినవి. పగలంతయు మోటారు బండ్ల మ్రోతతో చెవులు గింగురుమను పెద్ద వీధి, ఆ వేళ తలుపు వేసిన పూజగదివలె నిశ్శబ్దముగ నుండును. వేంకటేశ్వరస్వామివారి గుడివద్ద పూలమ్మువారు బుట్టలు దించుకొనుచుందురు. అశోక్‌నగరమున పోటీ పరీక్షలకు చదువుకొను పిల్లలు కొందరు రాత్రియంతయు మేల్కొని, ఎఱ్ఱబడిన కన్నులతో టీ కొట్టు తెరచుటకై ఎదురు చూచుచుందురు. నారాయణగూడ వైపునుండి పత్రికల కట్టలు వచ్చుచుండును. నడివీధిలో మెట్రో రైలు స్తంభములు చీకటిలో బారులు తీరి నిలిచియుండును. ఆ ఒక్క గంటసేపు వీధి ఎవ్వరికిని సొంతము కాదు. కావుననే మనవంటి వారికి కూడ కొంత చోటు దొరకును. ఆ గంటను నేను నా నలువదియెనిమిదవ యేట కనుగొంటిని.

మా అమ్మాయి పై చదువునకు విదేశమునకు పోవుచు తన సైకిలును మా వరండాలో విడిచిపోయినది. అది కూరగాయలు తెచ్చుకొను సైకిలు వంటిది కాదు. హ్యాండిలు పొట్టేలు కొమ్ములవలె క్రిందికి వంగి యుండును. టైరు వెడల్పు ఇరువదియెనిమిది మిల్లీమీటర్లు. అనగా బొటనవ్రేలికంటె కొంచెము లావు. మొత్తము బరువు తొమ్మిది కిలోలు. బియ్యపు బస్తా ఎత్తు చేతికి అది ఒక లెక్కయే కాదు. ఆ యేడే వైద్యుడు నా రక్తములో చక్కెర పెరిగినదని చెప్పి, దినమునకొక గంట ఒడలు వంచుమనెను. నడచుటకు మోకాళ్లు సమ్మతింపలేదు. సైకిలు తొక్కునప్పుడు శరీరభారమును చాలవరకు సీటు మోయును గనుక మోకాళ్లకు ఒత్తిడి తక్కువయని ఆయనయే చెప్పెను. ఇక నాకు మిగిలిన ఆటంకమొక్కటే: నాకు సైకిలు రాదు.

నేర్చుకొనుట అనుకొన్నంత కష్టము కాదు. ముందొక మామూలు సైకిలును అద్దెకు తెచ్చి, రెండు పాదములును నేలకానునట్లు సీటు దించి, పెడళ్లు ఊడదీయించితిమి. ఇందిరా పార్కు ప్రక్క వీధిలో ఆదివారపు ఉదయములందు కాళ్లతో నేలను తన్నుచు బండిని దొర్లించితిని. మూడవ వారమునకు పాదములు వాటంతట అవియే పైకి లేచెను. అప్పుడు పెడళ్లు బిగించితిమి. వెనుకనుండి పట్టుకొనువారు లేకయే తూకము వచ్చినది. పడుదునను భయము పెడళ్లవలననే గాని చక్రములవలన కాదని అప్పుడు తెలిసినది.

నెల దాటిన పిమ్మట అమ్మాయి సైకిలు ఎక్కి ట్యాంకుబండు త్రోవ పట్టితిని. అశోక్‌నగరము దాటి, ఇందిరా పార్కు మీదుగా, కట్టమైసమ్మ గుడి ఉన్న దిగువ వీధినుండి కట్ట మీదికి ఎక్కుటలో మొదటి ఆయాసము. పైకి చేరగానే హుస్సేన్‌సాగరపు చల్లగాలి ముఖమునకు తగులును. పదునారవ శతాబ్దమున ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమందు నిర్మింపబడిన చెరువిది. 1986లో కట్టపై నిలిపిన తెలుగు ప్రముఖుల విగ్రహములలో మొల్లయు, రుద్రమదేవియు ఉన్నారు. చెరువు నడుమ ఏకశిలా బుద్ధమూర్తి. 1990లో పడవనుండి జారి నీట మునిగిన ఆ విగ్రహము రెండేండ్లు అడుగున పడియుండి, 1992లో పైకి తీయబడి పీఠముపై నిలిచెను. పడినవారు లేచుటకు ఆ స్వామికన్న మంచి సాక్షి ఎవ్వరు? కట్ట కొసనుండి ఎడమకు తిరిగి, ఇప్పుడు పి.వి. నరసింహారావు మార్గమనబడు నెక్లెస్ రోడ్డు వెంట సంజీవయ్య పార్కును దాటి, 2023లో నెలకొల్పిన అంబేద్కర్ మహాశయుని నూటయిరువదియైదు అడుగుల విగ్రహముదాక వచ్చి ఇల్లు చేరుదును. ఆఫీసులకు పోవువారి బండ్లు వీధిని ఆక్రమించుకొనులోగా ఇంట కాఫీ నీళ్లు పొయ్యిమీద నుండును.

నాలుగు మాసములు ఇట్లు సుఖముగ గడచెను. అటుపిమ్మట ఒక వానకాలపు ఉదయమున పడితిని. వాననీరు పోవు గుంటపై ఇనుపఊచల చట్రము వేయుదురు గదా! ఆ ఊచలు త్రోవ పొడుగునకే ఉండుటచే నా సన్నని ముందు చక్రము వాని నడుమ దూరినది. కుడిచేతి మణికట్టు విరిగినది. హెల్మెట్టు పగిలినది, తల దక్కినది. ఆరు వారములు కట్టుతో ఇంట కూర్చుంటిని. మా వారు ఒక్క కఠినపు మాటయు అనలేదు గాని, సైకిలు అమ్ముటకు ఎవరినో పిలిపించిరి. నేనును వలదనలేదు. నిజము చెప్పవలెనన్న, లోలోపల కొంత ఊరట కలిగినది. ఈ వయసున నాకిది యెందుకని నలుగురు అన్న మాటను నేనుకూడ అనుటకు సిద్ధపడితిని.

అడ్డు వచ్చినది మా అత్తగారు. మొదటినుండియు నా సైకిలును చూచి ముఖము త్రిప్పుకొనిన మనిషి ఆమెయే. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారి పేర వెలసిన బాలికల పాఠశాలలో చదివినది. 1928లో, హైదరాబాదు సంస్థానమున ఉర్దూ ఏలుచున్న దినములలో, ఆడపిల్లలకు తెలుగున చదువు చెప్పుటకై పుట్టిన బడి అది. ఆమె అన్న కాలేజీకి సైకిలుపై పోయెడివాడట. ఒక మధ్యాహ్నము ఇంట అందరు నిద్రించునప్పుడు ఈమె ఆ సైకిలును సందులోనికి నడిపించి, ఎక్కి, ఇరువది గజములు పోయి పడినది. దెబ్బ తగిలినందుకు కాదు, ఎక్కినందుకు తండ్రి దండించెనట. "పడ్డదానికన్న ఆ ఇరువై గజాలే నాకు బాగ యాదికున్నయి" అని ఆమె నాతో మొట్టమొదటిసారి చెప్పినది ఆనాడే. "బండిని అమ్మొద్దు. చెయ్యి నయమైనంక నువ్వే నడుపు." మా వారు తల్లిమాటకు ఎదురాడలేదు.

చేయి కుదిరినను ధైర్యము వెంటనే కుదురలేదు. బండ్లు లేనిచోట మరల మొదలుపెట్టవలెనని మా వారు సైకిలును కారులో వేసి నార్సింగి వైపునకు తీసికొనిపోయిరి. బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభింపబడిన సైకిలు బాట అక్కడ కలదు. ప్రారంభించిననాడు దాని నిడివి 23 కిలోమీటర్లు. పైన కప్పుగా సూర్యరశ్మినుండి విద్యుత్తు తీయు పలకలు పరచిరి. వాని శక్తి 16 మెగావాట్లు. ఎండయు వానయు తగులని ఆ నీడలో మోటారు భయము లేక పది కిలోమీటర్లు తొక్కితిని. దిగునప్పటికి నా చేతులు వణకుట మానెను. అయినను ఒక్క మాట చెప్పవలెను. అంత చక్కని బాటను చేరుటకు మాకు కారు కావలసివచ్చినది. చిక్కడపల్లి ఆడపిల్ల బడికిని, గ్రంథాలయమునకును పోవు త్రోవలో అటువంటిది మూరెడైనను లేదు.

సంక్రాంతి సెలవులకు విశాఖపట్టణమున ఉన్న మా చెల్లెలి యింటికి పోవుచు, సైకిలును రైలులో సామానుల పెట్టెలో వేయించితిమి. అక్కడ రామకృష్ణా బీచి నుండి భీమునిపట్టణమునకు సముద్రపుటొడ్డుననే రహదారి కలదు. ఇంచుమించు ముప్పది కిలోమీటర్లు. తెలవారకముందే బయలుదేరితిని. ఒడ్డున నిలిపిన కురుసుర జలాంతర్గామిని, కైలాసగిరిని దాటునప్పటికి సముద్రముపై ఎఱ్ఱని గీత కనబడెను. రాత్రి నేల త్వరగా చల్లారును గనుక వేకువను గాలి నేలనుండి కడలివైపు మెల్లగా వీచును. ప్రొద్దెక్కినకొలది నేల వేడెక్కి గాలి కడలినుండి ఇటు మరలును. ఋషికొండ దగ్గర చిన్న మెరక. అక్కడ ఊపిరి బిగబట్టక గేరు తగ్గించి నెమ్మదిగా తొక్కవలెను. ఆపైన తొట్లకొండ. ఇరువదియొక్క వందల యేండ్లకు పూర్వము బౌద్ధభిక్షువులు వానకాలము గడిపిన విహారముల పునాదులు ఆ కొండపై నేటికిని గలవు. మంగమారిపేట దాటినపిదప ఎఱ్ఱమట్టి దిబ్బలు. గాలియు, నీరును, సముద్రపు హెచ్చుతగ్గులును వేలయేండ్లు శ్రమించి పేర్చిన ఇసుక అది. మన అడుగుల త్రొక్కిడికే కరగిపోవును గనుక దూరమునుండి చూచుట మేలు.

భీమునిపట్టణమున గోస్తనీనది సముద్రమున కలియుచోట సైకిలు ఆనించి కూర్చుంటిని. చేపలబుట్టలు దించుకొని సేదదీరుచున్న యొక బెస్త వనిత నా బండిని పరీక్షగా చూచి, "ఎంత దూరం నుంచమ్మా?" అనెను. విశాఖనుండి అంటిని. "నేను రోజూ నడిచే దాంట్లో సగం కూడా లేదు నీ బరువు" అని నవ్వెను. ఆ నవ్వుతో నా గర్వము కొంత దిగినది, అదియు మంచిదే. తిరుగుదలలో కడలిగాలి ప్రక్కనుండి తోయుచుండగా వంగిన హ్యాండిలును గట్టిగ పట్టుకొని వచ్చితిని. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టును. ఇల్లు చేరగానే గొలుసును మంచినీట కడిగి, తుడిచి, నూనె వేసితిని.

సోదరీమణులారా! ఇది సరదా మాత్రమే యనుకొనకుడు. 1991 తరువాత పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు వేలకొలది గ్రామస్త్రీలు సైకిలు నేర్చి, సంతకును, నీటికిని, పనికిని ఒకరి దయకై వేచియుండక పోగలిగిరి. 2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లిచ్చుట మొదలుపెట్టగా ఉన్నత పాఠశాలలలో చేరు బాలికల సంఖ్య పెరిగినది. బడి దూరమైన పల్లెలలో ఆ మేలు అధికముగ కనబడినదని పరిశీలకులు తేల్చిరి.

మొదలిడువారికి నాలుగు మాటలు. చీరకుచ్చెళ్లు గొలుసులో పడును. మడమవద్ద బిగుతైన చుడీదారు మేలు. ఓణీని చివరలు వ్రేలాడనీయక ముడివేయుడు. హెల్మెట్టు లేక వీధి దాటకుడు. ఇనుపఊచల చట్రము కనబడినచో వేగము తగ్గించి ప్రక్కగా తప్పుకొనుడు. తప్పనిచో ఊచలకు అడ్డముగ దాటుడు. చీకటిలో ముందొక దీపము, వెనుక ఎఱ్ఱదీపము ఉండవలెను. చక్కెర వ్యాధికి మందులు వాడువారు వైద్యునడిగి, జేబులో బెల్లపుముక్క ఉంచుకొనుడు.

నేను విశాఖనుండి వచ్చిన రాత్రి మా అత్తగారు నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని త్రోవయంతయు అడిగి చెప్పించుకొనిరి. ఏ మలుపున సముద్రము కనబడును, ఏ మెరకన ఆయాసము వచ్చును, ఎచ్చట దిగి కూర్చుంటివి — అన్నియు. చివరకు, "ఎక్కడన్న పడ్డవా?" అనిరి. లేదంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "ఇరువై గజాలు కాదన్నట్టు" అని లేచి పోయి పడుకొనిరి. మరునాటి వేకువన నేను లేచునప్పటికి వరండా దీపము వెలిగియున్నది. గేటు తాళము తీసియున్నది.