నిండిన గిడ్డంగి

విశాఖపట్నం నుంచి అండమాన్‌కు ఓడ ప్రయాణం రెండు మూడు రోజులు. అందుచేత, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిరులోని తెలుగు వర్తకుడు తన గిడ్డంగి నిండి ఉన్నదని ఎన్నడూ దిగులుపడడు. తుఫాను రోజుల్లో ఓడ రాకపోయినా బియ్యం బస్తా చేతికందుతుందన్నదే అతని ధైర్యం.

అదే వర్తకుడు, లెక్కలు వ్రాసుకునే కంప్యూటరులో 8 గిగాబైట్ల మెమరీకి ఖాళీ 200 మెగాబైట్లేనని చూచినప్పుడు మాత్రం గాభరాపడతాడు. ఏడాది పద్దులన్నీ అందులోనే ఉన్నాయి మరి! కొత్త మెమరీ కొనడానికి చేయి జేబులోకి పోతుంది.

నిజానికి ఇదీ గిడ్డంగి కథే. కంప్యూటరుకు డిస్కు ఆవలి తీరం. మెమరీ ఇంటి పక్క గిడ్డంగి. గిడ్డంగి నుంచి సరుకు తేవడానికి 1 నిమిషమనుకుంటే, తిరిగే పళ్ళెం గల పాత డిస్కు నుంచి తేవడానికి సుమారు 69 రోజులు! నేటి ఎస్.ఎస్.డి.లు ఈ దూరాన్ని బాగా తగ్గించాయే తప్ప తుడిచివేయలేదు. కనుకనే యంత్రం ఒకసారి తెచ్చిన సమాచారాన్ని ఖాళీ చోట నిల్వ ఉంచుతుంది. కొత్త పని వస్తే వెంటనే చోటిస్తుంది. ఈ కారణంగానే లినక్స్ 2014 నుంచి ‘ఖాళీ’ అంకెతోపాటు ‘అందుబాటులో ఉన్నది’ అన్న అంకెను విడిగా చూపుతున్నది. చూడవలసినది ఆ రెండవదానిని.

అది అడుగంటినప్పుడు జాగ్రత్తపడాలి. మీట నొక్కితే అక్షరం పడడానికి క్షణాలు పట్టి, డిస్కు దీపం ఆగకుండా వెలుగుతున్నదంటే, ఒకే బస్తాను ఓడకెక్కించి, మళ్ళీ దింపుతున్నారన్నమాట. ఈ వృథా శ్రమను పీటర్ డెన్నింగ్ 1968లోనే విశ్లేషించాడు. పని పెరగకుండానే ఒక ప్రోగ్రాము వాడుక రోజురోజుకూ పెరుగుతున్నదంటే దోషం ఆ ప్రోగ్రాముదే. మెమరీ ఎంత కొన్నా చాలదు. చివరకు యంత్రం ఏదో ఒక ప్రోగ్రామును బలవంతంగా ఆపివేయవచ్చును. భద్రపరచని పద్దులు దానితోనే పోతాయి.

ఇంటర్నెట్టు పుటలు మాత్రమే నెమ్మదించితే నేరం మెమరీది కాకపోవచ్చును. 2020లో చెన్నై నుంచి సముద్రగర్భ కేబులు వచ్చేవరకు ఈ ద్వీపాలు ఉపగ్రహాలపైనే ఆధారపడ్డాయి. ఆ ఆలస్యానికి కారణం దారి; గిడ్డంగి కాదు.

వర్తకుడు ముందుగా పద్దులను భద్రపరచాలి. తరువాత అంకెను చూడాలి. జేబు తడుముకోవడం ఆఖరి పని.