అమ్మ వరసలో మల్లీశ్వరి

'మల్లీశ్వరి' పాటలు నేను మొదట విన్నది సినిమాలో కాదు, ఒక సోనీ క్యాసెట్లో. నేను పుట్టకముందు హిందూపురంలో రికార్డింగు షాపులు ఉండేవట. ఖాళీ క్యాసెట్టూ, కావలసిన పాటల జాబితా రాసిన కాగితమూ ఇచ్చి వస్తే రెండు రోజులకి నింపి ఇచ్చేవాళ్ళు. ఆ క్యాసెట్టు అట్ట మీద అమ్మ చేతిరాత నీలం సిరాతో ఇప్పటికీ ఉంది. చిన్నప్పుడు దాన్ని ఎన్నిసార్లు విన్నానంటే, ఒక పాట అయిపోతుండగానే తర్వాతి పాట మొదటి వీణ మోత నా చెవిలో మోగేది.

సినిమా చూసింది యూనివర్సిటీకి వెళ్ళాకే. చూసి కంగారుపడ్డాను. పాటలన్నీ వేరే చోట్ల ఉన్నాయి! మేఘాన్ని దూతగా పంపే పాట మా క్యాసెట్లో మొట్టమొదటిది. సినిమాలో అది విడిపోయాక ఎప్పటికో వస్తుంది. పిల్లలు ఆడుతూ పాడే కోతి పెళ్ళి పాట కథ మొదట్లోది. మా క్యాసెట్లో చిట్టచివర ఉంది. షాపువాడు తన ఇష్టం వచ్చినట్టు ఎక్కించి ఉంటాడనుకుని ఊరుకున్నాను.

1951 డిసెంబరులో విడుదలైన సినిమా అది. వాహిని వారిది, బి.ఎన్. రెడ్డి దర్శకుడు. మాటలూ పాటలూ దేవులపల్లి కృష్ణశాస్త్రి, సంగీతం సాలూరు రాజేశ్వరరావు. నాగరాజు వేషం వేసిన రామారావు ఆ తర్వాత 1985, 1989, 1994లలో మా హిందూపురం నుంచే అసెంబ్లీకి గెలిచాడు కాబట్టి మా ఊళ్ళో దాన్ని రామారావు సినిమా అంటారు. మా ఇంట్లో మాత్రం అది ఎప్పుడూ భానుమతి సినిమానే.

పిహెచ్.డి. చేస్తున్నప్పుడు ఈ పాటల్ని ఇష్టపడుతున్నానని చెప్పుకోవడానికి నాకు మొహమాటంగా ఉండేది. భావకవిత్వమంటే కన్నీళ్ళ కవిత్వమని మాకు నేర్పారు. 'మహాప్రస్థానా'నికి చలం రాసిన యోగ్యతాపత్రం చదివాక కృష్ణశాస్త్రి బాధను తక్కువగా చూడడం మాకొక అలవాటైంది. తర్వాత 'నీలిమేఘాలు' చదివిన కళ్ళతో చూస్తే కథ మరీ ఇబ్బంది పెట్టింది. వానరాత్రి ఒక మంటపంలో మల్లి జావళి పాడి ఆడుతుంది. మారువేషంలో ఉన్న రాయలూ పెద్దనా అది చూస్తారు. ఈమెకు రాణివాసపు పల్లకీ పంపించమని బావ ఆ అపరిచితుడితో సరదాకి అంటాడు. బావ సంపాదన కోసం ఊరు విడిచి వెళ్ళాక పల్లకీ నిజంగానే వస్తుంది. తల్లి డబ్బుకు ఆశపడుతుంది. ఒకసారి రాణివాసంలోకి వెళ్ళినవాళ్ళు మళ్ళీ బయటికి రాకూడదు. వెళ్తావా అని మల్లిని అడిగినవాళ్ళు లేరు. చివర్లో రాజు దయతలచి ఇద్దర్నీ వదిలేస్తాడు. ఈ కథకి మూలాల్లో ఒకటిగా చెప్పే బుచ్చిబాబు నాటిక పేరే 'రాయలవారి కరుణకృత్యం'. కరుణ రాయలది, కృత్యమూ రాయలదే. మల్లికి మిగిలింది ఏమిటి?

పాటలు మిగిలాయి. కానీ ఆ పాట పాడినందుకే కదా పల్లకీ వచ్చింది. జావళి కళావంతుల సొత్తు. దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ మద్రాసులో చట్టం వచ్చింది 1947లో. ఆ తర్వాత నాలుగేళ్ళకే ఒక ఇంటి పిల్ల జావళి పాడి, రాజు కంటబడి, ఇల్లు పోగొట్టుకునే సినిమా వచ్చింది. ఈ వాదనతో ఒక వ్యాసం మొదలుపెట్టాను. పోయిన వేసవిలో అమ్మకు చదివి వినిపించాను కూడా.

అమ్మ పాడేది. పెళ్ళికి ముందు ఆమెకు కడప రేడియో నుంచి స్వర పరీక్షకి రమ్మని ఉత్తరం వచ్చింది. అవ్వ పంపలేదు. "పాడే పిల్లని నలుగురూ చూస్తారు, చూసినోళ్ళు ఊరికే ఉండరు" అన్నదట. ఆ మరుసటి ఏడే పెళ్ళి. ఈ సంగతి అమ్మ ఎప్పుడూ ఏడుస్తూ చెప్పలేదు. రేషను కార్డు ఎక్కడ పెట్టిందీ చెప్పినట్టు చెప్పింది. నా వ్యాసంలో అమ్మ మరో మల్లి అయింది. నిజానికి నేను వ్యాసం రాసిందే ఆ పోలిక కోసం.

అంతా విని అమ్మ, "నువ్వు మల్లినే చూస్తాండావు పాపా. నేను విన్నింది భానుమతిని కదా" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మళ్ళీ విన్నాను, ఈసారి బొమ్మ లేకుండా. మన సినిమాల్లో నాయిక శరీరం ఒకరిది, గొంతు ఇంకొకరిది. లీలలూ సుశీలలూ తెర వెనక ఉండిపోయారు. సావిత్రంతటి నటి కూడా అరువు గొంతుతోనే పాడింది. 'మల్లీశ్వరి'లో ఇది తలకిందులైంది. అరువు గొంతు నాయకుడిది, రామారావుకు పాడింది ఘంటసాల. మల్లి మాత్రం తన నోటితో తనే పాడుకుంటుంది. మేఘం పాటలో మగవాడి చరణం ఇద్దరు మనుషుల్ని కలిపి చేసింది, ఆమె చరణం ఒక్క మనిషిది. ఆ గొంతులో వేడుకోలు తక్కువ. విరహం పాడుతున్నా ముక్కు ఎగబీల్చదు, పదాన్ని నిలబెట్టి పలుకుతుంది, కాస్త పొగరుగా కూడా. రెండేళ్ళకి 'చండీరాణి'ని మూడు భాషల్లో తనే దర్శకత్వం చేసిన మనిషి, 'అత్తగారి కథలు' రాసిన మనిషి ఆ గొంతులో అప్పటికే ఉన్నారు. కృష్ణశాస్త్రి రాసింది కన్నీళ్ళే కావచ్చు, ఆమె వాటిని కారనివ్వలేదు. రాజేశ్వరరావు కూడా వాద్యాల్ని ఆమె మీద పోగెయ్యకుండా పక్కకి జరిపాడు. డెబ్భై ఏళ్ళు దాటినా ఆ పాటలు పాతబడకపోవడానికి కారణం తియ్యదనమని అందరూ అంటారు. తియ్యనివి చాలా వచ్చాయి, చాలా పోయాయి. ఇంత తియ్యటి పాటలో ఇంత లొంగని గొంతు ఇమడడమే కారణమని నాకనిపిస్తుంది.

వ్యాసం పక్కన పెట్టి అమ్మతో ధర్మవరం బయల్దేరాను, పిన్ని ఇంటికి. దారిలో పెనుకొండలో దిగాం. 1565లో విజయనగరం కూలాక రాయల వంశం రాజధానిగా చేసుకున్న ఊరిది. కృష్ణదేవరాయల వేసవి విడిది అని మా వైపు చెప్పుకుంటారు. గగన్ మహల్ ముందు కూర్చున్నాం. సినిమాలో రాణివాసం వాహిని సెట్టింగు అని నాకు తెలుసు. అమ్మకు మాత్రం మల్లి ఉన్నది ఇక్కడే. కాసేపు కిటికీలవైపు చూసి, "ఈడ నుంచి మబ్బులు బాగానే కనపడతాయి" అంది. నవ్వాలో వద్దో తెలియలేదు.

క్యాసెట్టు వరస గురించి అప్పుడే అడిగాను. షాపువాడి తప్పు కాదట. కాగితం మీద ఆ వరస రాసిచ్చింది అమ్మే. "మొదట ఆయమ్మ లోపల ఉంటాది. పాడుకుంటా పాడుకుంటా యెనక్కి వస్తాది. ఆఖర్న ఇంటికాడ ఆడుకుంటా ఉంటాది." రాజు క్షమాపణ అక్కర్లేకుండా మల్లిని బయటికి తెచ్చేసింది అమ్మ, అరవై నిమిషాల క్యాసెట్లో. ఆ పని చేసినప్పుడు అమ్మకు పెళ్ళై నాలుగేళ్ళో అయిదేళ్ళో. నేను సిద్ధాంత గ్రంథం రాసిన దాన్ని, నాకు ఇన్నేళ్ళు అది షాపువాడి పొరపాటు.

ధర్మవరంలో పిన్ని వాళ్ళింట్లో చాలా ఏళ్ళు ఆ క్యాసెట్టే మోగింది. మగవాళ్ళు గుంటమగ్గంలో కూర్చుని పట్టుచీరలు నేస్తుంటే, ఆడవాళ్ళు వసారాలో కండెలు చుట్టేవాళ్ళు. చీర మీద ఎవరి పేరూ ఉండదు, కండెలు చుట్టినదానికి కూలి లెక్క కూడా ఉండదు, ఇంటిపని కిందే జమ. పాట మధ్యలో రాట్నం ఆగితే టేపు తిప్పాలని అర్థం. ఇప్పుడా టేపురికార్డరు లేదు. మగ్గం ఉన్నచోట బైకు నిలబెట్టారు.

సాయంత్రం తిరుగు రైల్లో ఫోన్లో పాటలు పెట్టి ఒక ఇయర్‌ఫోను అమ్మ చెవిలో పెట్టాను. సినిమాలో ఉన్న వరసే అది. రెండు పాటలు విని తీసేసింది.

"దీంట్లో వరస తప్పుంది" అంది.

ఫోను నా చేతుల్లో పెట్టి కిటికీవైపు తిరిగి, తన క్యాసెట్లో తర్వాత రావలసిన పాట అందుకుంది. ఎదురు సీటాయన పేపరు దించి చూశాడు. అమ్మ ఆపలేదు. పెనుకొండ స్టేషను వచ్చేసరికి రెండో చరణంలో ఉంది.