మా గోరంట్లకూ ఒక మ్యూజియం కావాలి

ఇంగ్లండ్‌లో మేముండే సఫక్ ప్రాంతంలో సడ్‌బరీ అనే చిన్న ఊరుంది. చిత్రకారుడు థామస్ గెయిన్స్‌బరో 1727లో పుట్టింది అక్కడే. ఆయన ఇంటిని 1961 నుంచి మ్యూజియంగా నడుపుతున్నారు, 2022లో కొత్త భవనం కూడా కట్టారు. ఆయన బొమ్మలతో పాటు ఆ ఊరి పట్టునేత చరిత్రకూ అందులో చోటుంది. పెరట్లో సుమారు నాలుగు వందల ఏళ్ల మల్బరీ చెట్టు ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఉమ్మడి అనంతపురం జిల్లాలోని మా గోరంట్ల వైపు మల్బరీ తోటలు, పట్టుగూళ్లతో హిందూపురం మార్కెట్‌కు వెళ్లే రైతులు గుర్తొస్తారు.

వానలోనూ రెండు చోట్లకూ పోలిక ఉంది. సఫక్‌లో చాలాచోట్ల ఏడాదికి కురిసేది 600 మిల్లీమీటర్ల లోపే. మా ఉమ్మడి జిల్లా సగటు సుమారు 550. అయితే ఇక్కడ ఎండ తక్కువ, వాన ఏడాది పొడవునా సన్నగా పడుతుంది. మా దగ్గర నాలుగైదు నెలల్లో, అదీ నమ్మకం లేకుండా పడుతుంది. పడిన దాంట్లో చాలావరకు ఎండే తాగేస్తుంది. అందుకే ఈ నేల బొమ్మలకెక్కింది, మా నేల కరువు నివేదికలకెక్కింది.

గెయిన్స్‌బరో 1750 ప్రాంతంలో గీసిన ఆండ్రూస్ దంపతుల చిత్రంలో ఉన్నవి ఒక ఓక్ చెట్టు, కోసిన గోధుమ పనలు, మబ్బు పట్టిన ఆకాశం. రోజూ కళ్లముందుండే పొలాన్నే ఆయన బొమ్మకు తగినదనుకున్నాడు. మా ఎర్రనేల, గుండ్ల కొండలు, చిత్రావతి ఇసుక, విజయనగర కాలపు మాధవరాయస్వామి గుడి ఎందులో తక్కువ? బొమ్మ గీసే చేతులకూ కొరత లేదు. లేపాక్షి గుడి కప్పు మీద 16వ శతాబ్దపు చీరల అంచులు, తలపాగాలు ఇప్పటికీ కనిపిస్తాయి. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

రాతి శిల్పాలకు అనంతపురంలో పురావస్తు మ్యూజియం ఉంది. సేద్యగాళ్ల పనిముట్లకు మాత్రం ఊళ్లోనే చోటు కావాలి. కపిల బానలు, గొర్రు, గానుగ అక్కడుండాలి. చెరువు తూము, మరువ ఎలా పనిచేసేవో, నీరుగంటి ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదిలేవాడో పిల్లలకు తెలియాలి. బడిపిల్లలు గీసిన కొండల బొమ్మలు గోడల మీద ఉండాలి. మా గోరంట్ల మండలంలోని పాలసముద్రంలో 2024 జనవరిలో జాతీయ కస్టమ్స్ అకాడమీ కొత్త ప్రాంగణం ప్రారంభమైంది. పక్కనే పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ నడుస్తోంది. ఉద్యోగాలు రావడం సంతోషమే. కానీ నేల రూపు మారుతున్నప్పుడే పాత రూపాన్ని రాసి, గీసి పెట్టుకోవాలి.

బెంగళూరులో, డల్లాస్‌లో, లండన్‌లో ఉన్న మన ప్రాంతం వాళ్లకు ఒక మాట. గుళ్లకు, కల్యాణ మంటపాలకు ఇస్తున్నాం, మంచిదే. ఖాళీగా పడి ఉన్న ఒక పాత మిద్దెను మ్యూజియానికీ ఇద్దాం. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు అటక మీది పనిముట్లను పాత సామాన్లవాడికి వేయకండి. చెరువు నిండిన రోజులు చూసిన పెద్దవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల మాటలు రికార్డు చేయండి.