మూడో కుప్ప

భిలాయ్ బ్లాస్ట్ ఫర్నేస్‌లో ముప్పై మూడేళ్లు పనిచేశాను. యూనియన్ లోపలి ఎన్నికల్లో రెండుసార్లు నిలబడ్డాను. రెండుసార్లూ ఓడాను. ఒక ఓటమి గురించి ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను, రెండోది తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మొదటిసారి శాఖ కార్యదర్శి పదవికి ముగ్గురం పోటీపడ్డాం. వారం ముందే లెక్క తేలింది: నాది మూడో స్థానం. ముందున్నాయన మనుషులు బోరియా గేటు దగ్గర టీ బండి కాడ పట్టుకుని, "తప్పుకో, కమిటీలో చోటిస్తాం" అన్నారు.

నేను పట్టుకున్నది ఒకటే మాట. యూనియన్ మీటింగు ఎప్పుడూ సాయంత్రం ఆరింటికే. జనరల్ షిఫ్టు వాళ్లకి అది వీలు. మాకు? ఆ వేళకి కాస్ట్‌హౌస్‌లో డ్రిల్లు టాప్‌హోల్‌ని తొలుస్తుంటుంది. మట్టి పగిలి ఇనుము ఎర్రగా కాలవలోకి దూకిందంటే, మడ్‌గన్‌తో మళ్లీ నోరు మూసేదాకా ఎవరూ కదలకూడదు. మా మీద తీర్మానాలు మేం లేకుండానే అయిపోయేవి. అందుకే షిఫ్టుకొక మీటింగు పెట్టమన్నాను.

తప్పుకుందామనే అనుకున్నాను. ఖుర్సీపార్‌లో మా పక్కింటి పెద్దాయన, శ్రీకాకుళం మనిషి, వినలేదు.

"మన పట్టాభి సీతారామయ్య ఏం చేశాడ్రా అల్లుడూ? 1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవి పోటీలో ఆజాద్ తప్పుకున్నా ఈయన తప్పుకోలేదు. బోసుకి 1,580, ఈయనకి 1,377. ఆ ఓటమి తనదేనన్నారు గాంధీగారు. 1948లో అదే పదవికి టాండన్ మీద నెగ్గాడు. 1955లో మన భిలాయ్‌కి రష్యావోళ్లతో ఒప్పందమైననాడు మధ్యప్రదేశ్‌కి గవర్నరు ఎవరనుకున్నావు? ఆయనే."

"నేను పట్టాభినా మావా?"

"కావు. కానీ నీకేసే ఓట్లెన్నో నువ్వుంటేనే కదా తెలిసేది."

నిలబడ్డాను. చీటీలు మూడు కుప్పలు పోశారు. నాది 41. మొదటి రెండు కుప్పలకీ తేడా 17. గెలిచినాయన నా కుప్పని రెండుసార్లు లెక్కపెట్టించాడు. వచ్చేసారి ఆ ఓట్లు ఎటు పోతాయోనని ఆయన భయం. రెండు నెలల్లో మీటింగులు మూడు షిఫ్టులకీ మొదలయ్యాయి.

పదేళ్ల తర్వాత మళ్లీ నిలబడ్డాను. ఈసారి చెప్పడానికి మాటేం లేదు, నన్ను అడగకుండా మా జట్టు ఇంకొకరిని నిలబెట్టిందన్న ఉక్రోషం తప్ప. మళ్లీ మూడో స్థానమే. పెద్దాయన అప్పటికి లేరు. ఉంటే ఈసారి తప్పుకోమనే వారు. నాకు 30 ఓట్లొచ్చాయి, మా జట్టు మనిషి 12 ఓట్ల తేడాతో ఓడాడు. మొదటిసారి నాకోసం షిఫ్టు షిఫ్టుకీ తిరిగి ఓట్లడిగింది అతనే.

2022లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఖర్గేకి 7,897, శశి థరూర్‌కి 1,072 ఓట్లు పడ్డాయి. ఎందుకొచ్చిన పోటీ అని సివిక్ సెంటర్‌లో నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. మరుసటేడు థరూర్‌ని వర్కింగ్ కమిటీలోకి తీసుకున్నారు.

వెనకబడ్డవాడు బరిలో ఉండాలా అని కుర్రాళ్లు అడిగితే నేనొకటే ఎదురు అడుగుతాను: నువ్వు తప్పుకుంటే ఆగిపోయే మాట ఏదైనా ఉందా? ఉంటే ఉండు. నీ పేరు తప్ప ఇంకేం లేకపోతే, ఉపసంహరణ గడువు దాటకముందే చేతులు కలిపి రా.