ఊపిరి చుట్టూ నీరు

తీర్థమలై అనగానే ధర్మపురి ప్రాంతం ఎరిగిన వారికి కొండమీది శివాలయం, బండమీదనుంచి జారే రామతీర్థం జ్ఞాపకం వస్తాయి. ఆ కొండ క్రింద తరతరాలుగా కాపురముంటున్న తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. నీరంటే మేలు చేసేదనే మేము ఎరుగుదుము. మనిషి ఊపిరి చుట్టూ చేరి ప్రాణం తోడే నీరు కూడా ఉంటుందని మా అక్కయ్య జబ్బువల్ల తెలిసింది. మావంటి ఇళ్ళవారికి పనికివస్తుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అక్కయ్యకు రొమ్ము క్యాన్సరు. ఆపరేషను అయి, మందులు వాడుతూ ఉండగా ఆయాసం మొదలైంది. మొదట మెట్లెక్కితే వచ్చేది. తరువాత నాలుగు మాటలాడినా వచ్చేది. చివరకు పడుకోలేక రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునేది. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరున్నదన్నారు. సూదితో లీటరుంబావు తీశారు. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది. మూడు వారాలకు నీరు మళ్ళీ చేరింది. మళ్ళీ తీశారు. ఈసారి పది రోజులకే వచ్చింది.

చూడవచ్చిన చుట్టాలు తలా ఒక మాట అన్నారు. "మంచినీళ్ళు తగ్గించవమ్మా, అదే ఇంకిపోతుంది" అన్నది ఒకావిడ. "మందు పారలేదు, ఇంకెందుకు తిప్పట" అన్నాడు మరొకాయన. ఈ రెండు మాటలూ సరికావని డాక్టరుగారు ఓపికగా చెప్పారు.

ఊపిరితిత్తి పైన ఒక పలుచని పొర, పక్కటెముకల లోపలివైపున మరొకటి ఉంటాయట. ఆ రెంటి నడుమ రెండు మూడు చెంచాల తడి, బండి ఇరుసుకు కందెనలాగా ఎప్పుడూ ఉంటుంది. ఒకవైపు ఊరుతుంది, మరొకవైపు ఇంకుతుంది. క్యాన్సరు కణాలు ఆ పొరమీద చేరితే ఊట హెచ్చుతుంది, ఇంకే దారులు పూడుకుపోతాయి. కాలువ పూడిన పొలంలో నీరు నిలిచినట్టే. కాబట్టి దాహం చంపుకున్నందువల్ల నీరసమే తప్ప లాభం లేదు. పైగా తీసిన నీటితోపాటు ఒంట్లోని మాంసకృత్తులు కూడా పోతాయి గనుక పప్పు, పెరుగు, గుడ్డు మానకూడదు.

ఉన్నదంతా ఒక్కసారే ఎందుకు తీయరని బావగారు అడిగారు. చాలా రోజులు నలిగి ఉన్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే దానిలోనే నీరు నిండే ప్రమాదమున్నదట. అందుచేత సాధారణంగా ఒక తడవకు లీటరున్నర దాటనివ్వరు.

ఇక్కడ మరొక సంగతి చెప్పాలి. అక్కయ్య వాడే మందుల్లో మెథోట్రెక్సేటు ఒకటి. ఆ మందు వెనుక మన తెలుగువారి చేయి ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడు అమినాప్టెరిను అనే మందు తయారైంది. బోస్టనులో సిడ్నీ ఫార్బరు దానిని రక్తపు క్యాన్సరు పిల్లలకిచ్చి, ఫలితాలను 1948లో ప్రకటించాడు. మెథోట్రెక్సేటు దానికి తోబుట్టువు. అయితే రొమ్ములో నీరు చేరితే ఈ మందు అందులో దాగి, మెల్లగా మళ్ళీ రక్తంలోకి దిగుతుంది. ఒంట్లో ఉండవలసినదానికంటే ఎక్కువకాలం ఉండి కీడు చేస్తుంది. కనుక మందుకు ముందు నీరు తీయడం అవసరమన్నారు. ఈ మందు వాడేవారు నీటి సంగతి డాక్టరుకు ముందుగా చెప్పితీరాలి.

మాటిమాటికీ సూది పొడవకుండా రెండు దారులున్నాయి. ఒకటి, శుద్ధిచేసిన టాల్కు పొడిని లోపలికి పంపి రెండు పొరలను అంటుకునేట్టు చేయడం. నార్మన్ బెతూన్ అనే కెనడా వైద్యుడు 1935లోనే దీనిని వివరించాడు. అయితే నీరు తీశాక ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకోవాలి. అక్కయ్యకు విచ్చుకోలేదు. రెండవది, మెత్తని సన్నగొట్టం చర్మం క్రిందుగా అమర్చి, ఇంటివద్దనే నీరు తీసుకోవడం. ఆయాసం తగ్గించడంలో రెండూ ఇంచుమించు సమానమేనని బ్రిటనులో జరిపి 2012లో ప్రకటించిన పరిశోధన తేల్చింది.

గొట్టమనగానే బావగారి మొహం పాలిపోయింది. "ఇది రోగాన్ని కుదిర్చేది కాదండి, ఊపిరి ఆడించేది" అన్నారు డాక్టరు. అక్కయ్య మాత్రం "ఎన్నాళ్ళుంటానో తర్వాత చెబుదురుగాని, పడుకోగలనా డాక్టరుగారూ?" అని అడిగింది. పడుకోవచ్చునన్నారు. "అయితే పెట్టండి" అన్నది.

ఇప్పుడు రోజు విడిచి రోజు కోడలు ఆ పని చేస్తున్నది. నర్సు నేర్పింది. చేతులు సబ్బుతో కడిగి, గొట్టం మూతి మందుతో తుడిచి, సీసా తగిలిస్తుంది. తేదీ, కొలత నోటుబుక్కులో వ్రాస్తుంది. లీటరు దాటనివ్వదు. దగ్గు గాని, రొమ్ములో నొప్పి గాని వస్తే అక్కడికి ఆపుతుంది. జ్వరం వచ్చినా, గొట్టం చుట్టూ ఎర్రబడినా, చీము పట్టినా, హఠాత్తుగా ఆయాసం హెచ్చినా ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఎత్తుగా దిండ్లు, మొహానికి విసనకర్ర గాలి ఎంతో సుఖమిస్తాయి. కొండమీది తీర్థం తెస్తే నెత్తిన చల్లుకుంటుందే గాని, కట్టు తడవనివ్వదు.

అయిదు నెలలైంది. రోగం పోలేదు. మందులు సాగుతున్నాయి. నోటుబుక్కులో అంకెలు తగ్గాయి. అక్కయ్య అరుగుమీద కూర్చుని ఆకుకూర బాగుచేస్తూ కోడలికి వంట పురమాయిస్తున్నది. రాత్రి పడుకుంటున్నది.

నీరు తిరిగి వచ్చిందంటే మందులు మార్చవలసి రావచ్చు. అంతమాత్రాన రోగికి చేయవలసినది ఏమీ మిగలలేదని కాదు. మీ ఇళ్ళలో ఎవరికైనా ఈ అవస్థ కలిగితే మూడవసారి, నాలుగవసారి దాకా ఆగవద్దు. రెండవసారే "ఇది మళ్ళీ చేరకుండా గాని, ఇంట్లోనే తీసుకునేందుకు గాని దారి ఉన్నదా?" అని డాక్టరుగారిని అడగండి.